ఒక మందారం, 14 ఫోటోలు



సైన్స్ ప్రాజెక్ట్ కోసం ఒక పువ్వును దగ్గరగా ఫోటో తీసి, అందులోని భాగాలు గుర్తించి రమ్మని పిల్లలకు చెబుతుంటాం. మర్నాడు క్లాసులో వినిపించే మాట ఒకటే: "టీచర్, మా ఫోన్‌లో క్లియర్‌గా రావట్లేదు." అదే మాట ఇంట్లో మీ దగ్గరికి వచ్చేసరికి "కొత్త ఫోన్ కావాలి" అని మారిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చిన అమ్మకో నాన్నకో వాదించే ఓపిక ఉండదు. ఇంటర్నెట్‌లో ఒక అందమైన పువ్వు ఫోటో వెతికి, కలర్ ప్రింట్ తీయించి, ఫైల్‌లో అతికించి పంపేస్తారు. అలా పంపినందుకు మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దానికంటే తేలికైన, ఖర్చు లేని దారి ఒకటుందని చెప్పడానికి రాస్తున్నాను.

ఆ దారి పేరు ఫోకస్ స్టాకింగ్. ఒకే వస్తువును, ఒకే చోటి నుంచి, ఫోకస్ కొంచెం కొంచెంగా మారుస్తూ చాలా ఫోటోలు తీస్తాం. ప్రతి ఫోటోలో క్లియర్‌గా ఉన్న భాగాన్ని మాత్రమే తీసుకుని, అన్నీ కలిపి ఒక ఫోటో చేస్తాం. దీనికి మీ ఇంట్లో ఉన్న ఫోనే సరిపోతుంది. ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు చాలు.

ఫోన్ తప్పేమీ లేదు

ముందు ఒక చిన్న పరీక్ష. మీ పాపనో బాబునో పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ చేయండి. ఒక కన్ను మూసుకోండి. బొటనవేలును ముఖానికి ఒక జానెడు దూరంలో పెట్టుకుని, దాని వెనక గోడ మీదున్న క్యాలెండర్‌కు ఎదురుగా నిలబడండి. వేలి గోరును చూస్తుంటే క్యాలెండర్ అంకెలు మసకబారతాయి. అంకెలు చూస్తుంటే గోరు మసకబారుతుంది. రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించవు. నలభై దాటిన వాళ్లకు గోరు అసలే స్పష్టంగా కనిపించకపోతే కంగారు పడకండి, అది చత్వారం. పిల్లలు మిమ్మల్ని ఆటపట్టించడానికి అదో అవకాశం.

మన కంటిలోని కటకం దగ్గరి వస్తువు చూసేటప్పుడు ఉబ్బుతుంది, దూరం చూసేటప్పుడు పలచబడుతుంది. ఈ మార్పు ఎంత వేగంగా జరుగుతుందంటే, ప్రపంచమంతా ఎప్పుడూ స్పష్టంగానే ఉందని మనకు అనిపిస్తుంది. నిజానికి కన్ను ఒక్కో దూరాన్ని విడివిడిగా చూస్తుంది. ఆ ముక్కలన్నింటినీ కలిపి ఒక దృశ్యంగా మనకు అందించేది మెదడు.

కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. బటన్ నొక్కిన క్షణంలో లెన్స్ ఏ దూరానికి సర్ది ఉందో ఆ దూరమే స్పష్టంగా పడుతుంది. దానికి కాస్త ముందు, కాస్త వెనక కూడా పరవాలేదనిపించేలా ఉంటుంది. ఇలా ముందు నుంచి వెనక్కి ఎంత మేర స్పష్టంగా వస్తుందో ఆ మేరను డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. అది మూడింటి మీద ఆధారపడుతుంది.

మొదటిది దూరం. వస్తువుకు దగ్గరయ్యే కొద్దీ ఆ మేర తగ్గిపోతుంది. పది అడుగుల దూరంలో నిలబడ్డ తాతయ్యను తీస్తే ఆయన ముఖం, చొక్కా, వెనక ఉన్న తలుపు అన్నీ బాగానే వస్తాయి. అదే ఫోన్‌తో ఒక పువ్వును జానెడు దూరం నుంచి తీస్తే ముందు రేకు వస్తే వెనక రేకు రాదు.

రెండోది లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం. దాన్ని చిన్నది చేస్తే స్పష్టమైన మేర పెరుగుతుంది. పెద్ద కెమెరాల్లో ఆ రంధ్రాన్ని మార్చుకోవచ్చు. చాలా ఫోన్లలో మార్చలేం. పెద్ద కెమెరాల్లో కూడా మరీ చిన్నది చేస్తే వెలుతురు తరంగాలు అంచుల దగ్గర వ్యాపించి ఫోటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. ఫిజిక్స్‌లో దీన్ని వివర్తనం అంటారు. అందుకే ఖరీదైన కెమెరా ఉన్నవాళ్లకు కూడా ఈ ఇబ్బంది తప్పదు.

మూడోది ఎంత పెద్దగా చూపిస్తున్నాం అనేది. చీమ కాలును తెర నిండా చూపించాలంటే, స్పష్టంగా వచ్చే మేర వెంట్రుక మందం కంటే తక్కువ కూడా కావచ్చు.

కాబట్టి దగ్గరి ఫోటో మసకగా రావడానికి కారణం ఫోన్ నాసిరకం కావడం కాదు, వెలుతురు నడిచే తీరు.

ఎవరెవరు వాడుతున్నారు

ఇది సరదా కోసం పుట్టిన టెక్నిక్ కాదు. 2012 ఆగస్టులో నాసా వారి క్యూరియాసిటీ రోవర్ అంగారక గ్రహం మీద దిగింది. దాని చేతి చివర మాలీ అనే చిన్న కెమెరా ఉంది. రాళ్లను, మట్టి రేణువులను భూతద్దంతో చూసినట్టు చూడటం దాని పని. ఎగుడుదిగుడుగా ఉన్న రాయిని దగ్గరగా తీస్తే మన పువ్వుకు వచ్చిన సమస్యే దానికీ వస్తుంది. అందుకని మాలీ ఫోకస్ మారుస్తూ వరసగా ఫోటోలు తీస్తుంది. ఒక్కోసారి 8 ఫోటోల దాకా అక్కడికక్కడే, అంగారకుడి మీదే, ఒకటిగా కలిపేస్తుంది. అన్ని ఫోటోలూ భూమికి పంపాలంటే ఎక్కువ డేటా పంపాలి. కలిపిన ఫోటో పంపితే పని తేలిక.

బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ లెవన్ బిస్ 2016లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పురుగుల ఫోటోలతో మైక్రోస్కల్ప్చర్ అనే ప్రదర్శన పెట్టారు. గోరంత పురుగు గోడంత ఫోటోలో వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తుంది. అందులో ఒక్కో ఫోటో వెనక 8,000కు పైగా ఫోటోలున్నాయి. ఒక ఫోటోకూ తర్వాతి ఫోటోకూ మధ్య కెమెరా కదిలిన దూరం 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో నూరో వంతు. మీ బాబు ఎనిమిదో ఫోటో దగ్గర విసుక్కుంటే ఈ లెక్క చెప్పండి.

స్కూల్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద ఉల్లిపొర చూసిన పిల్లలకు ఈ సంగతి కొంత తెలిసే ఉంటుంది. చిన్న మరను నెమ్మదిగా తిప్పుతుంటే ఒక కణం గోడ కనిపించి మాయమై, దాని కింద ఇంకోటి కనిపిస్తుంది. ఫోకస్ స్టాకింగ్‌లో మనం ఫోన్‌తో చేసేది కూడా అదే.

ఏది క్లియర్ అని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

తొమ్మిది, పది తరగతుల పిల్లలు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. సమాధానం తీసివేతల్లో ఉంది.

ఫోటో అంటే చిన్న చిన్న గళ్లు. ఒక్కో గడిలో వెలుతురు ఎంతో చెప్పే ఒక అంకె ఉంటుంది. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు అనుకోండి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అంచును క్లియర్‌గా తీస్తే, అక్కడ వరసగా నాలుగు గళ్లలో 20, 22, 210, 212 అని ఉండొచ్చు. పక్క పక్క గళ్ల మధ్య తేడాలు 2, 188, 2. ఒక్కసారిగా పెద్ద గెంతు. అదే అంచును మసకగా తీస్తే 50, 90, 140, 180 అని రావచ్చు. తేడాలు 40, 50, 40. మెట్టు ఉండాల్సిన చోట జారుడు బల్ల వచ్చినట్టు.

సాఫ్ట్‌వేర్ అన్ని ఫోటోల్లోనూ ఒకే చోటును పోల్చి చూస్తుంది. ఎక్కడ తేడా పెద్దదో ఆ ఫోటోలోని ముక్కను ఉంచుకుంటుంది. దాని పక్క చోటుకు వెళ్లి మళ్లీ అదే పని. ఇలా ఫోటో మొత్తం నింపుతుంది. దానికి రేకు అంటే తెలియదు, పుప్పొడి అంటే తెలియదు. తెలిసింది తేడా ఒక్కటే. అందుకే అది పొరపడే చోట్లు కూడా ఉంటాయి. వాటి గురించి కాసేపట్లో చెబుతాను.

ఆదివారం ఉదయం ఇంట్లో

మొదటి ప్రయత్నానికి ఒంటి రేకు మందారం మంచిది. ముద్ద మందారంలో భాగాలు రేకుల మధ్య దాగిపోతాయి. ఒంటి రేకు మందారానికి అయిదు ఆకర్షక పత్రాలు ఉంటాయి. మధ్య నుంచి ఒక పొడవాటి గొట్టం ముందుకు పొడుచుకు వస్తుంది. దాని చుట్టూ కేసరాలు, చివర అయిదు చిన్న బంతుల్లా కీలాగ్రాలు. కీలాగ్రం నుంచి రేకుల మొదలు దాకా లోతు చాలా ఉంటుంది కాబట్టి ఒక్క ఫోటోలో అన్నీ క్లియర్‌గా రావడం కష్టం. మన పరీక్షకు అదే కావాలి. మందారం ఉదయం విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది, కనుక పొద్దున్నే కోయండి.

ఒక స్టీలు గ్లాసులో బియ్యం పోసి కాడను అందులో గుచ్చితే పువ్వు కదలదు. గ్లాసును కిటికీ పక్కన బల్ల మీద పెట్టండి. ఎండ నేరుగా పడకూడదు, వెలుతురు మాత్రం బాగా ఉండాలి. ఫ్లాష్ వద్దు. ఫ్యాన్ తప్పకుండా ఆపండి. పది నిమిషాలు చెమట పడుతుంది, కానీ ఫ్యాన్ తిరుగుతుంటే రేకు ప్రతి ఫోటోలో ఒక్కో చోట ఉంటుంది.

ఫోన్‌కు ట్రైపాడ్ ఉంటే మంచిదే. లేకపోతే నాలుగు టెక్స్ట్‌బుక్కులు పేర్చి, ఫోన్‌ను వాటికి ఆనించి రబ్బరు బ్యాండ్ వేయండి. పువ్వుకు సరిగ్గా ఎదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా పెట్టండి. ఎదురుగా పెడితే గొట్టం రేకులకు అడ్డం వచ్చి తర్వాత కలపడం కష్టమవుతుంది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా యాప్‌లో 'ప్రో' లేదా 'మాన్యువల్' అనే మోడ్ ఉంటుంది. అందులో 'ఎంఎఫ్' అని ఒక స్లైడర్. ఒక చివర చిన్న పువ్వు గుర్తు, అంటే దగ్గర. రెండో చివర కొండ గుర్తు, అంటే దూరం. ఐఎస్ఓ 100 దగ్గర, వైట్ బ్యాలెన్స్ ఒకే చోట ఉంచండి. లేకపోతే ఒక ఫోటో పసుపుగా, ఇంకోటి నీలంగా వస్తుంది. ఫోన్ తనంతట తాను మాక్రో లెన్స్‌కు మారిపోతుంటే ఆ సెట్టింగ్ ఆపేయండి, ఎందుకంటే మధ్యలో లెన్స్ మారితే ఫ్రేమ్ మొత్తం జరిగిపోతుంది. మీ ఫోన్‌లో ప్రో మోడ్ లేకపోతే తెర మీద వేలితో ముందు కీలాగ్రాన్ని తాకి ఒక ఫోటో, గొట్టం మధ్యలో తాకి ఒకటి, మొదట్లో తాకి ఒకటి, రేకు అంచు తాకి ఒకటి తీసినా మొదటిసారికి చాలు.

బటన్ నొక్కగానే ఫోన్ కొద్దిగా ఊగుతుంది. అందుకని 2 సెకన్ల టైమర్ పెట్టండి. వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్ ఉంటే, చాలా ఫోన్లలో దాని వాల్యూమ్ బటన్ నొక్కినా ఫోటో పడుతుంది.

ఇక స్లైడర్‌ను కీలాగ్రం క్లియర్‌గా కనిపించే చోట పెట్టి మొదటి ఫోటో తీయించండి. తర్వాత స్లైడర్‌ను ఇసుమంత జరిపి రెండోది. అలా వెనక రేకు అంచు క్లియర్ అయ్యేదాకా వెళ్లండి. ఒక ఫోటోలో క్లియర్‌గా ఉన్న భాగం తర్వాతి ఫోటోలో క్లియర్‌గా ఉన్న భాగంతో కొంచెం కలవాలి, ఇంటి పైకప్పు మీద పెంకు మీద పెంకు వేసినట్టు. మందారానికి 10 నుంచి 15 ఫోటోలు సరిపోతాయి. 14 అనేది మంత్రసంఖ్య కాదు. ఎక్కువ తీస్తే నష్టం లేదు, తక్కువైతే మధ్యలో ఒక మసక పట్టీ మిగిలిపోతుంది.

ఒక మనవి. ఫోన్ మీరు సర్దండి, బల్ల మీరు జరపండి. స్లైడర్ జరపడం, ఫోటో తీయడం మాత్రం పిల్లల చేతికి వదిలేయండి.

కలపడం: రెండు దారులు

ఫోటోలను కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గిపోయి, మనకు కావాల్సిన సన్నని అంచులే పోతాయి. వాట్సాపే దారి అయితే 'డాక్యుమెంట్'గా పంపండి.

మీ ఇంట్లోనో ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనో ఫోటోషాప్ ఉంటే పని ఇలా సాగుతుంది. 'ఫైల్' మెనూలో 'స్క్రిప్ట్స్', అందులో 'లోడ్ ఫైల్స్ ఇంటూ స్టాక్' ఎంచుకోండి. అన్ని ఫోటోలూ ఎంచి, కింద 'అటెంప్ట్ టు ఆటోమేటికల్లీ అలైన్ సోర్స్ ఇమేజెస్' పక్కన టిక్ పెట్టి ఓకే అనండి. ఫోకస్ మారినప్పుడు దృశ్యం కొద్దిగా పెద్దదీ చిన్నదీ అవుతుంది. ఈ టిక్ ఆ తేడాను సరిచేసి అన్నింటినీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడుతుంది. తర్వాత లేయర్లన్నీ సెలెక్ట్ చేసి, 'ఎడిట్' మెనూలో 'ఆటో-బ్లెండ్ లేయర్స్' నొక్కండి. 'స్టాక్ ఇమేజెస్' ఎంచుకుని, 'సీమ్‌లెస్ టోన్స్ అండ్ కలర్స్' దగ్గర టిక్ ఉంచండి. కొన్ని నిమిషాల్లో ఒకే ఫోటో తయారవుతుంది. నాలుగు వైపులా అంచులు కాస్త చెదిరి ఉంటాయి, వాటిని క్రాప్ చేయండి.

ఫోటోషాప్ లేదా? దీనికోసం కొనకండి. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మూడు ఫోటోలను చేత్తో కలపవచ్చు. నా ఉద్దేశంలో పిల్లలకు ఇదే మంచి దారి. ఇక్కడ ఏది క్లియర్ అని నిర్ణయించేది కంప్యూటర్ కాదు, వాళ్ల కళ్లే.

రేకులు క్లియర్‌గా ఉన్నది, గొట్టం క్లియర్‌గా ఉన్నది, కీలాగ్రం క్లియర్‌గా ఉన్నది, ఇలా మూడు ఫోటోలు ఎంచుకోండి. 'ఫైల్' మెనూలో 'ఓపెన్ యాజ్ లేయర్స్' ద్వారా మూడూ తెరవండి. రేకుల ఫోటో అడుగున, గొట్టం ఫోటో మధ్యలో, కీలాగ్రం ఫోటో పైన ఉండాలి. పై లేయర్‌ను కాసేపు సగం పారదర్శకంగా చేసి, కింది దానితో సరిపోయేలా 'మూవ్' టూల్‌తో జరపండి. మధ్య లేయర్‌కు కూడా అలాగే చేయండి. ఇప్పుడు పై రెండు లేయర్లకూ 'యాడ్ లేయర్ మాస్క్' ఇచ్చి 'బ్లాక్' ఎంచుకోండి. రెండూ మాయమవుతాయి. భయపడకండి, అవి ముసుగు వెనక ఉన్నాయి. మెత్తటి అంచున్న బ్రష్ తీసుకుని, తెల్ల రంగుతో మధ్య లేయర్ మాస్క్ మీద గొట్టం ఉన్న చోట రుద్దితే క్లియర్ గొట్టం బయటికి వస్తుంది. పై లేయర్‌లో కీలాగ్రం దగ్గర కూడా అదే పని. ఎక్కువ రుద్దేస్తే నల్ల రంగుతో మళ్లీ మూసేయవచ్చు. చివరికి 'ఎక్స్‌పోర్ట్ యాజ్'తో జెపెగ్‌గా సేవ్ చేయండి.

కలిపాక కచ్చితంగా చూడాల్సినవి

ఫోటోను పెద్దది చేసి, మూల నుంచి మూలకు నెమ్మదిగా చూడండి. మూడు రకాల లోపాలు కనిపించవచ్చు.

మొదటిది, గొట్టం అంచు చుట్టూ పొగలాంటి మసక. ఫోకస్ లేని వస్తువు అసలు సైజు కంటే పెద్దగా పరుచుకుంటుంది. రేకుల కోసం తీసిన ఫోటోలో మసక గొట్టం తన వెనక ఉన్న రేకును కొంచెం కప్పేస్తుంది. ఆ కప్పిన చోట రేకు ఏ ఫోటోలోనూ క్లియర్‌గా ఉండదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు. ఫోన్‌ను ఏటవాలుగా పెట్టమన్నది ఇందుకే.

రెండోది, మధ్యలో మసక పట్టీ. అక్కడ స్లైడర్ ఎక్కువ జరిగిందన్నమాట. ఆ భాగం మళ్లీ తీయాలి.

మూడోది అన్నింటికంటే ముఖ్యం: కదిలినవి. పువ్వు మీద ఒక చీమ పాకుతోందనుకోండి. మూడో ఫోటోలో అది గొట్టం మీద, తొమ్మిదో ఫోటోలో రేకు మీద ఉంటుంది. రెండు చోట్లా క్లియర్‌గా ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఉంచుకోవచ్చు. ఉన్నది ఒక్క చీమ, ఫోటోలో రెండు. ఒక్కోసారి తల లేని చీమ కూడా వస్తుంది. ఫోటో మాత్రం ఎంత అందంగా ఉంటుందంటే, చూసినవాళ్లెవరికీ అనుమానం రాదు.

ఫోటో కింద ఏం రాయాలి

నేను ఈ పాఠాన్ని పేరెంట్స్ పేజీలో రాయడానికి అసలు కారణం ఆ రెండు చీమలే.

పిల్లలు ఒక ఫోటో తెచ్చి "ఇది నేను చూసింది" అంటే మేం నమ్ముతాం. సైన్స్ మొత్తం నడిచేది ఆ నమ్మకం మీదే. 14 ఫోటోలు కలిపి ఒకటి చేయడం మోసం కాదు. అందులో ప్రతి ముక్కా అదే పువ్వు నుంచి, అదే ఉదయం, అదే లెన్స్ ద్వారా వచ్చింది. మన ఫోన్లు చీకట్లో తీసే నైట్ మోడ్ ఫోటోలు కూడా చాలా ఫోటోలు కలిపినవే. అయితే కలిపామని చెప్పాలి. నికాన్ సంస్థ 1975 నుంచి నడుపుతున్న స్మాల్ వరల్డ్ అనే మైక్రోస్కోప్ ఫోటోల పోటీలో గెలిచిన ఫోటోల పక్కన ఏ పద్ధతిలో తీశారో కూడా రాస్తారు. ఇమేజ్ స్టాకింగ్ వాడితే ఆ మాట అక్కడ ఉంటుంది. దానివల్ల ఆ ఫోటోల గౌరవం ఏమీ తగ్గలేదు.

వేరే పువ్వు రేకును తెచ్చి ఇందులో అతికిస్తే అది వేరే సంగతి. ఏఐని అడిగి తెప్పించిన మందారం ఇంకా వేరే సంగతి. అది చూడటానికి మందారంలాగే ఉంటుంది కానీ, మీ పెరట్లోనో బాల్కనీలోనో ఆ ఉదయం పూచిన పువ్వు కాదు. దానికి ఎన్ని కీలాగ్రాలున్నాయో లెక్కపెట్టి రాస్తే అది పరిశీలన అవదు. ఈ మూడింటి మధ్య తేడా పిల్లలకు పదేళ్ల వయసులోనే తెలియాలని నా కోరిక. పెద్దయ్యాక ఫోన్‌లో వచ్చే ప్రతి ఫోటోనూ వాళ్లు ఇదే ప్రశ్నతో చూడాలి: ఇది ఎలా తయారైంది?

అందుకని ఫోటో కింద నాలుగు లైన్లు పిల్లల చేతిరాతతో ఉండాలి. ఉదాహరణకు ఇలా:

"మా బాల్కనీలోని మందారం. ఆదివారం ఉదయం 8 గంటలకు కిటికీ వెలుతురులో, నాన్న ఫోన్‌తో తీశాను. 14 ఫోటోలు కలిపి చేసిన చిత్రం. కలపడంలో అమ్మ సహాయం చేసింది. చీమ ఒకటే, కానీ కదలడం వల్ల రెండు చోట్ల కనిపిస్తోంది."

ఈ చివరి వాక్యం రాసిన బిడ్డకు నేను మార్కులు తగ్గించను, పెంచుతాను. "అమ్మ సహాయం చేసింది" అన్నందుకూ తగ్గించను. సహాయం దాచమని మాత్రం పిల్లలకు చెప్పకండి. పదో తరగతి దాకా ప్రాజెక్టులన్నీ పెద్దవాళ్లు చేసిపెట్టి, పేరు మాత్రం పిల్లలది రాస్తే, ఆ తర్వాత ఎప్పుడో సొంతంగా చేయాల్సి వచ్చినప్పుడు వాళ్లకు చేతులు ఆడవు. మీరు కట్టే ఫీజుకు మేం జవాబుదారీ. మార్కుకే కాదు, ఆ మార్కు ఎవరి పనికి వచ్చిందన్నదానికి కూడా.

మాకు ఏం పంపాలి

ప్రాజెక్ట్ ఫైల్‌లో మూడు ఫోటోలు పెట్టండి: వరసలో మొదటిది, వరసలో చివరిది, కలిపి చేసినది. మొదటి రెండూ మసకగా ఉంటాయి, ఉండనివ్వండి. ఆ మసక ఫోటోలే పని మీ బిడ్డ చేసిందనడానికి సాక్ష్యం. కలర్ ప్రింట్ అక్కర్లేదు, మామూలు కాగితం చాలు.

ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు బొటనవేలి పరీక్ష చేయించి, వాళ్లు చూసింది బొమ్మగా గీయిస్తే సరిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వాళ్లు జింప్‌లో మూడు ఫోటోలు కలపవచ్చు. తొమ్మిది, పది వాళ్లు ఇంకొక అడుగు వేయవచ్చు: 5 ఫోటోలతో ఒకటి, 15 ఫోటోలతో ఒకటి చేసి, రెండింటిలో మసక పట్టీ ఎక్కడెక్కడ మిగిలిందో పట్టిక రాయాలి. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు విడి ఫోటోలనే ప్రింట్ తీసి, క్లియర్ భాగాలను కత్తెరతో కత్తిరించి అతికించినా అదే పాఠం, అవే మార్కులు.

ఎక్కడైనా ఆగిపోతే డైరీలో ఒక లైన్ రాసి పంపండి. మందారం దొరకకపోతే కాకరకాయ, వేరుశనక్కాయ, పాత తాళంచెవి, ఏదైనా సరే. కదలకుండా ఉండి, ముందు నుంచి వెనక్కి కాస్త లోతు ఉంటే చాలు.